పాటలు ఫర్వాలేదు, ఆర్‌ఆర్ అదిరింది

తెలుగు సినిమా సమీక్షల్లో ఒక తీర్పు ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా వస్తోంది: పాటలు ఫర్వాలేదు, ఆర్‌ఆర్ అదిరింది. ఆర్‌ఆర్ అంటే రీరికార్డింగ్, సన్నివేశాల వెనక వినిపించే సంగీతం. కుర్రకారు దాన్నే బీజీఎం అంటోంది. థ్రిల్లర్ సినిమా అయితే ఈ మాట దాదాపు ఖాయం. కానీ చాలా సినిమాల్లో పాటలు కట్టినవాడూ ఆర్‌ఆర్ చేసినవాడూ ఒక్కడే. అదే కీబోర్డు, అదే కంప్యూటరు, తరచుగా అవే శబ్దాలు. హత్య జరిగే సన్నివేశం వెనక మోగితే ఒళ్లు జలదరించిందని మెచ్చుకున్న శబ్దమే, పాటలోకి వచ్చేసరికి ‘వినసొంపుగా లేదు’ అనిపించుకుంటోంది. చీకటి ఛాయలున్న ఎలక్ట్రానిక్ పాటల్ని మనవాళ్లు ఎలా విన్నారు, ఎలా తూకం వేశారు అన్నది తెలుసుకోవాలంటే ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూడాలి.

దీనికి మన దగ్గరున్న మంచి ఉదాహరణ ‘1: నేనొక్కడినే’. 2014 జనవరి 10న, సంక్రాంతి బరిలో విడుదలైంది. సుకుమార్ దర్శకుడు, మహేశ్‌బాబు హీరో, రత్నవేలు ఛాయాగ్రాహకుడు, దేవిశ్రీప్రసాద్ సంగీత దర్శకుడు. కథానాయకుడు గౌతమ్ ఒక రాక్ గాయకుడు. తన తల్లిదండ్రులెవరో అతనికి తెలియదు. వాళ్లను చంపినవాళ్లు ఎదురుగా వచ్చి నిలబడుతుంటారు, వాళ్లు నిజంగా ఉన్నారో తన మెదడు కల్పిస్తోందో కూడా తెలియదు. ఇలాంటి మనిషి కథకు పాటలు చేయాలంటే సంగీతం అతని తల లోపలి నుంచి రావాలి. ‘హూ ఆర్ యూ’ అన్న పాట పేరే చెబుతోంది: అడిగేది ఎదుటివాణ్ని కాదు, తనను తాను.

ఈ పాటలు బయటికి వచ్చిన సమయం కూడా గుర్తుపెట్టుకోవాలి. అంతకు కొద్ది నెలల ముందే, 2013 సెప్టెంబరులో, ‘అత్తారింటికి దారేది’ విడుదలై ఊరూవాడా మోగిపోతోంది. దానికీ దేవిశ్రీదే సంగీతం. జనం చెవుల్లో ఆ హుషారు ఇంకా తగ్గకముందే ఆయన చేతి నుంచి వేరే రంగు పాటలు వచ్చాయి. స్పందన మిశ్రమంగా ఉంది. సినిమాకూ అంతే. విడుదలయ్యాక నిడివి దాదాపు 20 నిమిషాలు కత్తిరించారు. అమెరికాలో మంచి ఆదరణ దొరికినా ఇక్కడ ఆశించినంత ఆడలేదు. తర్వాతి సంవత్సరాల్లో టీవీలోనూ ఫోన్లలోనూ మళ్లీ చూసినవాళ్లు దాన్ని వెనకేసుకు రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు మహేశ్ అభిమానుల్లో ఆ సినిమా పేరెత్తితే, అప్పుడు మనం సరిగా చూడలేదన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ఆ ఆల్బమ్‌లో ప్రతి పాటా గొప్పదని నేను అనను. ‘ఓ సయొనారా సయొనారా’ ఏ సినిమాలో పెట్టినా సరిపోయే యుగళగీతం, ఆ కథకు దానితో పని లేదు. బలహీనత అక్కడ ఉంది. కానీ విమర్శ ఎక్కువగా పడింది దాని మీద కాదు, కథతో పూర్తిగా కలిసిపోయిన చీకటి శబ్దాల మీద. నాలుగేళ్లు గడిచాక, 2018 మార్చిలో, అదే సుకుమార్, అదే దేవిశ్రీ, పాటలు రాసిన అదే చంద్రబోస్ కలిసి ‘రంగస్థలం’ తెచ్చారు. డప్పు, జానపదపు నడక, గోదావరి యాస. ఆల్బమ్ వచ్చిన రోజే జనం నెత్తిన పెట్టుకున్నారు, సమీక్షకులూ పెట్టుకున్నారు. నాకూ ఆ పాటలంటే ప్రాణం. కానీ ముగ్గురూ వాళ్లే అయినప్పుడు, మారింది పనితనం కాదు. మనకు వినడం వచ్చిన సంగీతం ఒకటి, వినడం రాని సంగీతం ఇంకొకటి.

ఎలక్ట్రానిక్ శబ్దం మనకు కొత్తేమీ కాదు. 1986లో ఇళయరాజా ‘పున్నగై మన్నన్’కు కంప్యూటర్ సాయంతో సంగీతం చేశారు, తెలుగులో అది ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. అదే ఏడాది వచ్చిన కమల్‌హాసన్ ‘విక్రమ్’ టైటిల్ పాట సింథసైజర్ల మీదే నడుస్తుంది. 2022లో అదే పేరుతో సినిమా వస్తే అనిరుధ్ ఆ బాణీని మళ్లీ బతికించాడు. రాజ్–కోటి పాటల నిండా కీబోర్డులే. 1992లో ‘రోజా’ వచ్చాక ఇక చెప్పేదేముంది. మిషన్ మోగితే మనం ఎప్పుడూ కాదనలేదు. అది చిందు వేయించినంతసేపూ, లేదంటే తీయగా ఉన్నంతసేపూ మన ఇంటిదే అనుకున్నాం. అది చీకటిగా మారినప్పుడే పేచీ వచ్చింది.

చీకటి అంటే ఇక్కడ విషాదం ఒక్కటే కాదు. మన పాటలో దుఃఖం వినిపించాలంటే దారులున్నాయి. శివరంజనో శుభపంతువరాళో ఎత్తుకుంటారు, గాయకుడి గొంతులో చిన్న జీర పలుకుతుంది, కవి చరణంలో బాధను మాటల్లో పెడతాడు. మూడూ కలిసి మనల్ని ఏడిపిస్తాయి. ఎలక్ట్రానిక్ పాప్‌లో ఈ మూడూ పలచబడతాయి. బాణీ రెండు మూడు స్వరాల మధ్యే తిరుగుతుంది. మాటలు తక్కువ, చెప్పిందే చెబుతారు. గొంతును ఒక్కోసారి గుసగుస దాకా తగ్గిస్తారు, ఒక్కోసారి మిషన్‌లో వేసి మనిషిదో కాదో తెలియకుండా చేస్తారు. మరి భావం ఎక్కడుంది? శబ్దానికీ శబ్దానికీ మధ్య వదిలిన ఖాళీలో ఉంది. కిందెక్కడో ఆగకుండా మూలిగే బేస్‌లో ఉంది. గొంతు మన చెవికి ఎంత దగ్గరగా ఉంది, దాని వెనక ప్రతిధ్వని ఎంతసేపు సాగింది అన్నదాంట్లో ఉంది. సాంకేతికంగా దీన్ని రివెర్బ్ అంటారు. గొంతు వెనక రివెర్బ్ పెంచితే పాడేవాడు పెద్ద ఖాళీ హాలులో ఒంటరిగా నిలబడ్డట్టు వినిపిస్తాడు. మొత్తం తీసేస్తే మన పక్కనే కూర్చుని చెవిలో చెబుతున్నట్టు ఉంటుంది. ఒంటరితనం అనే మాట పాటలో ఎక్కడా లేకుండానే ఒంటరితనం పలుకుతుంది.

ఆర్‌ఆర్‌ను మెచ్చుకుని పాటను తప్పుపట్టడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ఆర్‌ఆర్ దగ్గర మనం బాణీ వెతకం, మాటలు వెతకం. శబ్దాన్ని శబ్దంగా వింటాం. శ్రీచరణ్ పాకాల ‘క్షణం’, ‘గూఢచారి’, ‘ఎవరు’ సినిమాలకు చేసిన నేపథ్య సంగీతాన్ని అందరూ అలాగే విన్నారు, అందుకే ఆ పని అందరికీ నచ్చింది. పాట అనేసరికి పల్లవి ఏదీ, చరణం ఏదీ, ఇంటికెళ్తూ కూనిరాగం తీయడానికి ఏం మిగిలింది అని తడుముకుంటాం. కొలత మారిపోతుంది. మారిన కొలతతో చూస్తే ఏ చీకటి పాటకైనా మూడు మార్కులకు మించి రావు.

ఇక ఎక్కడ విన్నారు, దేంతో విన్నారు అన్న సంగతి. సమీక్షల్లో ఎవరూ పట్టించుకోని విషయం ఇదే, కానీ సగం తీర్పు ఇక్కడే జరిగిపోతుంది. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న మన రోడ్డు మీదే దీన్ని పరీక్షించి చూడొచ్చు. బేస్ ఎక్కువగా ఉన్న చీకటి పాట ఏదైనా ఒకటి తీసుకోండి.

ముందు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో, మంచం మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేయండి. ఇలాంటి పాటల్లో గుండెకాయ లాంటి డ్రమ్ దెబ్బ సుమారు 50 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి వినగలదు కాబట్టి చెవికి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఫోన్‌ది. వేలెడంత కూడా లేని ఆ స్పీకర్ కొన్ని వందల హెర్ట్జ్ కిందకి వెళ్తే నోరు మెదపలేదు. అంటే మీరు పాట వింటున్నారు గానీ, ఆ పాట దేని మీద నిలబడిందో అది మీదాకా రావడం లేదు. పైన మిగిలింది పలచని గొంతు, రెండు స్వరాలు. ఇందులో ఏముంది అని మీకు అనిపిస్తే తప్పు మీది కాదు. మిక్సింగ్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే బేస్‌కు కావాలని కాస్త గరుకుతనం అద్దుతారు. అప్పుడు 100, 150, 200 హెర్ట్జ్ దగ్గర దాని అనుస్వరాలు పుడతాయి. వాటిలో పై వాటినైనా ఫోన్ పలకగలదు. అవి విన్న మెదడు, కింద ఉండాల్సిన మూలస్వరాన్ని తనంతట తానే ఊహించుకుని వింటుంది. అయినా ఒంటికి తగలాల్సిన దెబ్బ మాత్రం తగలదు.

తర్వాత దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. మూడు స్టేషన్లు, అంటే సరిగ్గా ఒక పాటకు సరిపోయే దూరం. ఇప్పుడు బేస్ వచ్చింది, ఇయర్‌ఫోన్ చెవిలో బిగుతుగా కూర్చుంటేనే సుమా. కొంచెం వదులైనా ముందుగా జారిపోయేది బేసే. ఫోన్ స్పీకర్‌లో వినిపించని సంగతులు ఇక్కడ బయటపడతాయి: ఊపిరి తీసుకున్న చప్పుడు, ఎడమ చెవిలో మొదలై కుడి చెవిలోకి నడిచిన శబ్దం, వెనక దాచిన రెండో గొంతు. మెట్రో రొద మాత్రం సన్నని చోట్లను మింగేస్తుంది. అదే పాట రాత్రి పదకొండుకు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కి, లైట్లు ఆర్పాక వింటే పూర్తిగా వినిపిస్తుంది. చివరికి కొత్తపేట చుట్టుపక్కల ఏదో ఒక థియేటర్లో. అక్కడ సబ్‌వూఫర్లు కుర్చీని కదిలిస్తాయి, చెవి కంటే ముందు రొమ్ముకు తెలుస్తుంది. మరి ఈ మూడింట్లో ఏది విని సమీక్ష రాశారు? పాటలు విడుదలైన సాయంత్రమే ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో విని రాస్తారు. ఆర్‌ఆర్‌ను మాత్రం థియేటర్‌లో వింటారు. పాటలకు ఫర్వాలేదు, ఆర్‌ఆర్‌కు అదిరింది అని తీర్పు పడడంలో స్పీకర్ల వాటా కూడా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ గురించి ఇంకో మాట. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్‌ల నుంచి కోచింగ్ కోసం వచ్చిన పిల్లలతో నిండిన పేట ఇది. గదికి ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకప్పుడు గదిలో పాట మోగిందంటే అందరిదీ. అందరికీ నచ్చేదే పెట్టాలి, అంటే హుషారుదో తీయనిదో పెట్టాలి. నోటిఫికేషన్ రాక, రిజల్ట్ రాక, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియని రాత్రికి సరిపడే పాటను నలుగురి మధ్య పెట్టుకోలేరు. చవక ఇయర్‌ఫోన్లు వచ్చి, పాట ఒక్క చెవికి పరిమితమయ్యాక ఆ అవసరం తీరే దారి దొరికింది. ఈ సంగీతానికి మన దగ్గర శ్రోతలు ఉన్నారా అని అడిగేవాళ్లు ఆ గదుల్లో ఒక్క రాత్రి గడపాలి. శ్రోతలు తయారయ్యారు. సమీక్షే వెనకబడింది.

మన సమీక్షే వెనకబడిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, అమెరికాలోనూ ఇదే జరిగింది. 1980లో జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ మిషన్ తెచ్చింది. నిజం డ్రమ్‌లా లేదని పెదవి విరిచారు. దాదాపు 12,000 మిషన్లు చేసి 1983లో ఆపేశారు. సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికింది కాబట్టి డబ్బులేని కుర్రాళ్లు కొనుక్కున్నారు, వాళ్ల చేతుల్లో హిప్‌హాప్‌కు అది ఊపిరైంది. 2008 నవంబరులో కాన్యే వెస్ట్ ఆ మిషన్ పేరునే పెట్టి ‘808స్ అండ్ హార్ట్‌బ్రేక్’ ఆల్బమ్ తెచ్చాడు. ఏడాది కిందటే తల్లి పోయింది, నిశ్చితార్థం చెదిరింది. ర్యాప్‌తో పేరు తెచ్చుకున్నవాడు ర్యాప్ దాదాపు మానేసి, ఆటోట్యూన్‌లో వేసిన గొంతుతో, 808 దెబ్బల మీద పాడాడు. ఆటోట్యూన్ 1997లో వచ్చింది, శ్రుతి తప్పిన గొంతును సరిచేయడానికి. దాన్ని ఆయన సరిచేయడానికి వాడలేదు, గొంతులోని ప్రాణాన్ని తీసి చూపించడానికి వాడాడు. విమర్శకులు రెండుగా చీలిపోయారు. పాడడం రానివాడు మిషన్ అడ్డం పెట్టుకున్నాడన్నది ఒక పక్షం. ఆ తర్వాత వచ్చిన డ్రేక్ లాంటివాళ్లు ఆ దారినే నడిచారు. 2014లో రోలింగ్ స్టోన్ పత్రిక సంగీతం దిశను మార్చిన 40 ఆల్బమ్‌ల జాబితాలో దాన్ని చేర్చింది. ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు. ఆరేళ్లలో చెవులు మారాయి.

2019లో గాయని బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్ వచ్చేసరికి ఆ ఆలస్యం కూడా లేదు. లాస్ ఏంజలెస్‌లోని ఇంట్లో, అన్న ఫినియస్ పడకగదిలో చేసిన పాటలవి. ఒక పాటలో పళ్ల డాక్టరు డ్రిల్ చప్పుడు ఉంది, ఇంకో పాటలో ఆస్ట్రేలియాలో రోడ్డు దాటేటప్పుడు సిగ్నల్ చేసే టకటకలు ఉన్నాయి. గొంతు మొదటి నుంచి చివరిదాకా గుసగుసే. 2020 జనవరిలో, పద్దెనిమిదేళ్ల వయసులో, గ్రామీలో నాలుగు ప్రధాన అవార్డులూ ఒకే రాత్రి అందుకుంది. ఆ పాటల్ని జనం ఇయర్‌ఫోన్లలోనే విన్నారు, గుసగుస పని చేసింది అందుకే.

మన దగ్గర ఆ మార్పు 2025లో స్పష్టంగా కనిపించింది. సెప్టెంబరు 25న వచ్చిన సుజీత్–పవన్ కల్యాణ్ సినిమా ‘ఓజీ’లో తమన్ చేసిన పనిలో పాట ఎక్కడ ఆగిందో ఆర్‌ఆర్ ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం. ‘హంగ్రీ చీతా’ మొదట వినిపించింది 2023లో, సినిమా తొలి వీడియో వెనక నేపథ్యంగా. అదే అభిమానుల నోట పాటయింది. ‘ఫైర్‌స్టార్మ్’లో జపనీస్ మాటలు, ఇంగ్లిష్ మాటలు, తెలుగు మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. పల్లవి, చరణం అన్న పాత కొలతకు అది లొంగదు. 2014లో అయితే ఏమనేవారో ఊహించొచ్చు. ఇప్పుడు మాత్రం సమీక్షల్లో సినిమాకు సంగీతమే అండ అన్న మాట గట్టిగా వచ్చింది.

అయితే నాకు ఇందులో ఒక కొరత కనిపిస్తోంది. ‘ఓజీ’ చీకటి బయటికి చూసే చీకటి. హీరో వస్తున్నాడు, ఎదుటివాడు వణకాలి. థియేటర్ నిండా జనం కలిసి అరిచే చీకటి అది. బేస్ అక్కడ బలానికి గుర్తు. ‘నేనొక్కడినే’ చేయబోయింది దీనికి పూర్తిగా వేరు: బలమైన హీరో లోపల ఎంత బెదిరి ఉన్నాడో వినిపించడం. మొదటిదాన్ని మన సమీక్ష ఒప్పుకుంది. రెండోదానికి ఇంకా తలుపు పూర్తిగా తీయలేదు. పాటల్ని విడుదల చేసే పద్ధతి కూడా దీనికి అడ్డమే. ఒకప్పుడు ఆడియో ఫంక్షన్ పెట్టి ఆల్బమ్ అంతా ఒకేసారి చేతికిచ్చేవారు. ఇప్పుడు నెలకో పాట, లిరికల్ వీడియోగా వస్తుంది, 24 గంటల్లో ఎన్ని వ్యూస్ అన్నదే వార్త. ఒక పాట నుంచి ఇంకో పాటకు మసక చిక్కబడుతూ పోయే ఆల్బమ్‌ను ముక్కలు చేసి నెలకొకటి వడ్డిస్తే, ఆ మసక ఎవరికి అందుతుంది? పాటలన్నీ కలిపి జూక్‌బాక్స్‌గా వచ్చేనాటికి తీర్పులన్నీ అయిపోయి ఉంటాయి.

సమీక్ష రాసేవాళ్లను ఒక్కటి అడగాలనుంది. పాటల సమీక్షలో పాట పేరు, గాయకులు, రచయిత అని వరసగా ఉంటాయి. ఈ తరహా పాటలో అసలు పనిచేసినవాళ్లు ఆ వరసలో ఉండరు. ఆ బేస్‌ను ఎంచినవాడు, గొంతు వెనక హాలు ఎంత పెద్దగా ఉండాలో తేల్చినవాడు, ఆ ఖాళీని ఖాళీగా ఉంచమని పట్టుబట్టినవాడు ఎవరో చదివేవాళ్లకు తెలియదు. వాళ్ల పేర్లు దొరకనివేం కాదు. చాలా లిరికల్ వీడియోల కింద డిస్క్రిప్షన్ తెరిస్తే, గాయకుల పేర్లు దాటాక, ప్రోగ్రామింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ అని స్టూడియోల పేర్లతో సహా ఇస్తున్నారు. ఆ పేర్లు కూడా సమీక్షలో రాయండి. ఏ పాటను ఫోన్‌లో విన్నారో, ఏది ఇయర్‌ఫోన్‌లో విన్నారో కూడా ఒక ముక్క చేర్చండి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఆ సమీక్ష చదివే పిల్లవాడు తన చెవితో దాన్ని సరిచూసుకుంటాడు.